ఆదాయపు పన్ను లెక్క మనమే వేసుకోవాలి

ప్రభుత్వ పాఠశాలల్లో పనిచేసేవారికి ఫిబ్రవరి రాగానే ముందు గుర్తుకొచ్చేది ఆదాయపు పన్ను. నెలనెలా కొంత కోసినా, మిగిలిన పన్నంతా ఫిబ్రవరి జీతం బిల్లులోనే సర్దుతారు గనుక, మార్చి మొదట్లో చేతికొచ్చే జీతం కొందరికి సగం కూడా ఉండదు. నేను ఖమ్మం జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఇరవై రెండేళ్లుగా గణితం చెబుతున్నాను. లెక్కల సారు కదా అన్న చనువుతో తోటివారు ఏటా తమ పన్ను ఫారాలు తెచ్చి నా బల్ల మీద పెడుతుంటారు.

మొన్న ఫిబ్రవరిలో మా సాంఘికశాస్త్రం సారు ఆందోళనగా వచ్చారు. ఆయనకు పాత సంవత్సరాల కరువు భత్యం బకాయి 90,000 రూపాయలు ఈ ఏడాది జీతంలో కలిసింది. "సార్, ఈ బకాయి రాకుండా ఉంటేనే బాగుండేది. దీనివల్ల పదిహేను శాతం శ్లాబులో పడ్డానట. ఇప్పుడు జీతం మొత్తం మీద పదిహేను శాతం కట్టాలి కదా?" అని అడిగారు. నేను ఫారం కూడా సరిగా చూడకుండానే, "అట్లా ఏమీ ఉండదు సార్, పైన పడిన భాగం మీదే పదిహేను శాతం, మీకు పోయేది పది పన్నెండు వేలకు మించదు" అని ధైర్యం చెప్పి తరగతికి వెళ్లిపోయాను. ఆయన చెప్పిన కారణం తప్పు. నేను చెప్పిన అంకె కూడా తప్పు. ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాకగాని నాకా సంగతి తెలియలేదు.

ఆ లెక్కకు ముందు పన్ను ఎట్లా పడుతుందో చెప్పాలి. ఆదాయపు పన్నును ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు ఉన్న ఆర్థిక సంవత్సరానికి లెక్కిస్తారు. ఆ ఏడాదిలో మనకు వచ్చిన ఆదాయాన్నంతా కూడి, చట్టం ఒప్పుకొన్న మినహాయింపులు తీసేస్తే మిగిలేది పన్ను లెక్కకు వచ్చే ఆదాయం. దాని మీద శ్లాబుల, అంటే ఆదాయపు అంచెల ప్రకారం పన్ను కట్టి, ఆ పన్ను మీద నాలుగు శాతం ఆరోగ్య, విద్యా సెస్సు కలపాలి. మనం ఎంచుకోగల పన్ను విధానాలు రెండున్నాయి: మినహాయింపులు ఎక్కువున్న పాతది, రేట్లు తక్కువున్న కొత్తది. 2025-26 సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో మొదటి 4 లక్షల మీద పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల మధ్య భాగం మీద 5 శాతం, 8 నుంచి 12 మధ్య 10 శాతం, 12 నుంచి 16 మధ్య 15 శాతం, 16 నుంచి 20 మధ్య 20 శాతం, 20 నుంచి 24 మధ్య 25 శాతం, 24 లక్షలు దాటిన భాగం మీద 30 శాతం ఉంటుంది. ఇక్కడ 'భాగం' అన్న మాట ముఖ్యం. ఎక్కువమంది తప్పు పడేది ఆ మాట దగ్గరే.

సాగర్ ఎడమ కాలువ కింద వరి మళ్లకు నీరు పెట్టిన వారికి ఇది తేలికగా బోధపడుతుంది. ఎగువ మడి నిండాక గట్టుకు పెట్టిన గండి గుండా నీరు దిగువ మడిలోకి దిగుతుంది. నాలుగో మడికి నీరు చేరినంత మాత్రాన మొదటి మడిలోని నీటి మట్టం మారదు. అట్లాగే ఆదాయం 12 లక్షలు దాటి పదిహేను శాతం శ్లాబులోకి వెళ్లినా, మొదటి 4 లక్షల మీద పన్ను సున్నాగానే ఉంటుంది, తరువాతి 4 లక్షల మీద 5 శాతమే ఉంటుంది. 1973-74లో మన దేశంలో అత్యధిక శ్లాబు మీద పన్ను, సర్‌ఛార్జితో కలిపి, 97.75 శాతానికి చేరింది. ఆ రేటు కూడా ఆ శ్లాబులోకి వచ్చిన భాగానికే పడేది తప్ప మొత్తం ఆదాయానికి కాదు.

మరి చదువుకున్నవారు కూడా శ్లాబు దాటితే మొత్తం మీద ఎక్కువ రేటు పడుతుందని ఎందుకు నమ్ముతారు? ఆ నమ్మకానికి ఇంటి కరెంటు బిల్లు ఒక కారణమని నాకనిపిస్తుంది. తెలంగాణలో గృహ వినియోగానికి, నెలలో వాడిన మొత్తం యూనిట్లు ఒక హద్దు దాటితే మొదటి యూనిట్ల ధర కూడా పెరిగేట్లు రేట్లు ఉన్నాయి. గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల వరకు బిల్లు ఉండదు, అది దాటితే మొత్తం బిల్లు కట్టాలి. నెలనెలా ఇంటికొచ్చే బిల్లులో శ్లాబు అన్న మాటకు ఈ అర్థాన్నే చూస్తున్నవారు ఆదాయపు పన్నులోనూ అదే జరుగుతుందని అనుకోవడం సహజం. వారికి తెలివి తక్కువై అట్లా అనుకోవడం లేదు. ఒకే మాట రెండు చోట్ల రెండు తీర్లుగా పనిచేస్తుందని వారికెవరూ చెప్పలేదు.

ఇక మా సాంఘికశాస్త్రం సారు లెక్క. బకాయి కలపక ముందు ఆయన ఏడాది జీతం 12,65,000. జీతగాళ్లకు కొత్త విధానంలో 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్, అంటే రుజువులు అడగకుండా అందరికీ ఇచ్చే తగ్గింపు, ఉంది. అది తీసేస్తే 11,90,000. శ్లాబుల ప్రకారం దీని మీద 59,000 రూపాయల పన్ను పడాలి. అయితే పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 12 లక్షల లోపు ఉన్నవారికి ఆ పన్ను మొత్తాన్ని రిబేటు పేరుతో వదిలేస్తారు గనుక ఆయన కట్టవలసింది సున్నా. బకాయి 90,000 కలిపితే ఆదాయం 12,80,000 అవుతుంది. 12 లక్షలు దాటింది గనుక రిబేటు పోయింది. 4 నుంచి 8 లక్షల భాగం మీద 20,000, 8 నుంచి 12 భాగం మీద 40,000, మిగిలిన 80,000 మీద 12,000, కలిపి 72,000. సెస్సు 2,880. మొత్తం 74,880 రూపాయలు.

చేతికొచ్చిన బకాయి 90,000, దానివల్ల పడిన పన్ను 74,880. నేను ధైర్యంగా చెప్పిన పది పన్నెండు వేల మాట ఎంత బాధ్యత లేనిదో అప్పుడు అర్థమై ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. శ్లాబు మడి లాంటిదే. రిబేటు మాత్రం మడి లాంటిది కాదు, అది గట్టు తెగినట్లు ఒక్కసారిగా పోతుంది. రెండింటినీ కలిపి చూడకుండా ఒక్క సూత్రంతో జవాబు చెప్పడం నా తప్పు. 12 లక్షల వరకు పన్ను లేదన్న మాటను అందరం వాడుకగా అంటాం కానీ, చట్టం ప్రకారం పన్ను లేనిది 4 లక్షల వరకే. మిగతాది పన్ను వేసి, షరతు మీద వదిలెయ్యడం. ఈ తేడా తెలియకపోతే రెండు నష్టాలున్నాయి. ఆదాయం 4 లక్షలు దాటినవారు పన్ను సున్నా అయినా రిటర్ను, అంటే ఏడాది ఆదాయం, పన్నుల వివరాల పత్రం, దాఖలు చేయాలన్న సంగతి తెలియదు. షేర్లు ఏడాది లోపే అమ్మగా వచ్చిన లాభం మీద పడే 20 శాతం పన్నుకు ఈ రిబేటు వర్తించదన్న సంగతీ తెలియదు. జీతం పన్నెండు లక్షల లోపే కదా అనుకున్న యువకులు ఈ రెండో చోట ఎదురు కట్టవలసి వస్తోంది.

చట్టం ఈ గట్టు దగ్గర కొంత రక్షణ కూడా పెట్టింది. ఆదాయం 12 లక్షలను కొద్దిగా దాటితే, దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ కాకుండా చూస్తారు. 12,10,000 ఆదాయం మీద శ్లాబుల ప్రకారం 61,500 పడాలి, కానీ దాటింది 10,000 మాత్రమే గనుక పన్ను 10,000, దాని మీద సెస్సు 400. ఈ రక్షణ సుమారు 12,70,588 రూపాయల వరకు పనిచేస్తుంది. మా సారు ఆదాయం అంతకు మించి తొమ్మిది వేల పైచిలుకు ఉంది గనుక ఆయనకది అందలేదు. పాత విధానంలో ఈపాటి రక్షణ కూడా లేదు. అక్కడ 5 లక్షల వరకు రిబేటు ఉంది. 5,00,000 ఆదాయానికి పన్ను సున్నా అయితే, 5,01,000 ఆదాయానికి సెస్సుతో కలిపి 13,208 రూపాయలు కట్టాలి. అదనంగా వచ్చిన వెయ్యి రూపాయల కోసం పదమూడు వేలు పోతాయన్నమాట. జీతం పెరిగితే చేతికొచ్చేది తగ్గుతుందన్న భయాన్ని మనం మూఢనమ్మకంగా కొట్టిపారేస్తాం కానీ, కొన్ని చోట్ల అది నిజమే. ఎక్కడ నిజమో తెలియాలంటే లెక్క వేయడం తప్ప దారి లేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. సంపాదించే ప్రతి మనిషీ ఏడాదికి ఒక్కసారైనా తన పన్నును తన చేత్తో కాగితం మీద లెక్క వేసుకోవాలి. రిటర్ను దాఖలు చేసే పనిని ఆడిటరు గారికి అప్పగించవచ్చు, మీసేవ పక్కనున్న నెట్ సెంటర్లో కుర్రవాడికీ అప్పగించవచ్చు. లెక్క తెలుసుకోవడాన్ని మాత్రం అప్పగించకూడదు. ఎవరు దాఖలు చేసినా, నింపిన వివరాలన్నీ నిజమని ధ్రువీకరించేది మామూలుగా మన ఆధార్‌తో ముడిపడిన ఫోనుకు వచ్చే ఓటీపీయే. చట్టం దృష్టిలో ఆ సంతకం మనది.

చాలామంది దీనికి చెప్పే జవాబు ఒకటుంది: "పన్ను వాళ్లే కోసుకుంటున్నారు కదా, మనకెందుకు?" అని. మూలంలోనే కోసే పన్ను, అంటే టీడీఎస్, మనం చివరకు కట్టవలసిన పన్ను కాదు. అది అంచనా మీద ముందుగా తీసుకున్న బయానా మాత్రమే. జీతమిచ్చే కార్యాలయానికి మన జీతం సంగతే తెలుసు, మన బ్యాంకు వడ్డీ సంగతి తెలియదు. బ్యాంకుకు తాను ఇచ్చే వడ్డీ తెలుసు, మన జీతం తెలియదు. ఫిక్సెడ్ డిపాజిట్ల వడ్డీ మీద బ్యాంకు 10 శాతం కోస్తుంది. మన ఆదాయం 20 శాతం శ్లాబులో ఉంటే ఇంకా 10 శాతం మనమే కట్టాలి. మన ఆదాయం పన్ను హద్దుకు లోపలే ఉంటే ఆ 10 శాతం కూడా మనకు తిరిగి రావాలి. ఈ ముక్కలన్నింటినీ ఒక చోట చేర్చగలిగింది మనమొక్కరమే.

ఈ మాట నేను మా ఇంట్లో జరిగిన దాన్నిబట్టి చెబుతున్నాను. మా నాన్న పోయాక ఆయన పదవీ విరమణ సొమ్మును అమ్మ పేర ఒక బ్యాంకులో డిపాజిట్ చేశాం. అమ్మకు నెలకు 16,000 రూపాయల కుటుంబ పింఛను, డిపాజిట్ల మీద ఏడాదికి సుమారు 96,000 వడ్డీ వచ్చేది. రెండూ కలిపితే 2,88,000. అరవై ఏళ్లు దాటినవారికి పాత విధానంలో 3,00,000 వరకు పన్నే లేదు. అంటే అమ్మ ఒక్క రూపాయి కూడా పన్ను కట్టనవసరం లేదు. అయినా బ్యాంకు ఏటా సుమారు 9,600 రూపాయలు కోస్తూనే ఉంది. అప్పటి నిబంధన ప్రకారం వృద్ధులకు ఏడాది వడ్డీ 50,000 దాటితే కోయాలి, బ్యాంకు కోసింది. 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు లక్ష రూపాయలైంది. తనకు పన్ను పడదని ప్రకటిస్తూ ఏడాది మొదట్లో 15హెచ్ ఫారం ఇచ్చి ఉంటే ఆ కోత జరిగేది కాదు. ఆ ఫారం సంగతి కౌంటరులో ఎవరూ చెప్పలేదు, అమ్మ అడగలేదు, ఊళ్లో అందరి పన్ను లెక్కలు చూసే నేను మా అమ్మ పాసుపుస్తకం తెరిచి చూడలేదు.

మూడేళ్ల తరువాత, నా రిటర్ను పని చూసుకుంటూ, అమ్మ పాన్ నంబరుతో కూడా ఒకసారి ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులోకి వెళ్లి 26ఏఎస్ పట్టిక తెరిచాను. మన పేర ఎవరు ఎంత పన్ను కోసి ప్రభుత్వానికి జమ చేశారో అందులో వరుసగా ఉంటుంది. 2021 నవంబరు నుంచి దానికి తోడు ఏఐఎస్ అనే వార్షిక సమాచార పట్టిక కూడా వచ్చింది. మన వడ్డీలు, డివిడెండ్లు, షేర్ల అమ్మకాలు, ఆస్తి లావాదేవీలు శాఖకు ఏ మేరకు తెలుసో దాన్ని చూస్తే మనకు తెలుస్తుంది. అమ్మ పట్టికలో మూడేళ్ల కోత కనిపించింది. కోసిన పన్ను తిరిగి రావాలంటే రిటర్ను దాఖలు చేయడం ఒక్కటే మార్గం. గడువు జీతగాళ్లకు, పింఛనుదారులకు మామూలుగా జూలై 31, ఆలస్యంగానైనా డిసెంబరు 31 లోపు వేయవచ్చు. అది కూడా దాటితే, తరువాత వేసే 'అప్‌డేటెడ్ రిటర్ను'లో అదనపు పన్ను కట్టే వీలే ఉంటుంది, రిఫండు అడిగే వీలుండదు. జాప్యాన్ని మన్నించమని పై అధికారులకు దరఖాస్తు పెట్టుకొనే దారి ఒకటుంది కానీ, డెబ్బై ఏళ్ల మనిషికి ఆ తిరుగుడు ఇష్టం లేకపోయింది. గడువు మిగిలి ఉన్న ఒక్క ఏడాదికి రిటర్ను వేశాం. రిఫండు అయిదు వారాల్లో ఖాతాలో పడింది. "పోయింది పోనీలేరా, వాళ్లు కోసుకున్నారంటే అది వాళ్లదే అనుకున్నాను" అంది అమ్మ. అది మా అమ్మ ఒక్కతే అనుకొనే మాటైతే నేను ఇంత రాయనవసరం లేదు.

కూడిక దగ్గర ఇంకొక చిక్కుంది. చట్టం ఆదాయాన్ని అయిదు పద్దులుగా చూస్తుంది: జీతం, ఇంటి అద్దె వంటి గృహ ఆదాయం, వ్యాపారం లేదా వృత్తి, ఆస్తులు అమ్మితే వచ్చే మూలధన లాభం, ఇవేవీ కాని ఇతర ఆదాయం. పింఛను జీతం పద్దులోకి వస్తుంది, కుటుంబ పింఛను మాత్రం ఇతర ఆదాయంలోకి వస్తుంది గనుక దానికి వర్తించే మినహాయింపు వేరు. ఈ పద్దుల గురించి ఎక్కువ చెప్పను. మా ప్రాంతంలో ఎక్కువమందిని పొరపాటు పట్టించే వ్యవసాయ ఆదాయం గురించి మాత్రం చెప్పాలి.

రాజ్యాంగం వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారాన్ని కేంద్రానికి ఇవ్వలేదు, దాన్ని రాష్ట్రాల జాబితాలో ఉంచింది. అందుకే పంట మీద వచ్చే డబ్బుకూ, పొలం కౌలుకిస్తే వచ్చే డబ్బుకూ కేంద్ర ఆదాయపు పన్ను లేదు. "వ్యవసాయానికి పన్ను లేదు కదా, ఇక చూపించడమెందుకు" అని జీతంతో పాటు మామిడితోటో మిరపచేనో ఉన్న ఉద్యోగులు దాన్ని రిటర్నులో అసలు రాయరు. అది తప్పు. వ్యవసాయ ఆదాయం ఏడాదికి 5,000 దాటి, ఇతర ఆదాయం పన్ను హద్దు దాటితే, రేటు నిర్ణయించడం కోసం వ్యవసాయ ఆదాయాన్ని కూడా కలిపి చూస్తారు. ఉదాహరణకు పన్ను లెక్కకు వచ్చే జీతం 13 లక్షలు, వ్యవసాయ ఆదాయం 2 లక్షలు అనుకుందాం. మొత్తం 15 లక్షల మీద 1,05,000 పన్ను. అందులోంచి 4 లక్షల హద్దుకు ఆ 2 లక్షలు కలిపిన 6 లక్షల మీద పడే పన్ను, అంటే 10,000, తీసేయాలి. మిగిలింది 95,000. పొలం లేని వ్యక్తికి అదే జీతం మీద 75,000 మాత్రమే. పంట ఆదాయాన్ని ముందు ఎగువ మళ్లలో నింపి, జీతాన్ని దిగువ మళ్లలోకి నెట్టినట్లన్నమాట. పంట మీద పన్ను లేకపోయినా, పంటవల్ల జీతం మీద పన్ను 20,000 పెరిగింది.

కొత్త విధానమా, పాత విధానమా అన్న ప్రశ్నకు సాయంత్రం టీ కొట్టు దగ్గర దొరికే జవాబులన్నీ ఒకరి అనుభవాన్ని మరొకరికి అంటగట్టేవే. పాత విధానంలో జీపీఎఫ్ (ప్రభుత్వోద్యోగుల భవిష్య నిధి), జీవిత బీమా, పిల్లల స్కూలు ఫీజు వంటివాటికి కలిపి లక్షన్నర, ఇంటి అప్పు వడ్డీకి రెండు లక్షల వరకు, ఆరోగ్య బీమాకు, ఇంటి అద్దె భత్యానికి విడిగా మినహాయింపులున్నాయి. కొత్త విధానంలో ఇవి దాదాపుగా లేవు, రేట్లు మాత్రం తక్కువ. నా జీతం 13,75,000. కొత్త విధానంలో 75,000 తీసేస్తే 13,00,000, దాని మీద పన్ను 75,000, సెస్సు 3,000, మొత్తం 78,000. పాత విధానంలో 50,000 స్టాండర్డ్ డిడక్షన్, లక్షన్నర పొదుపు, ఇంటి అప్పు వడ్డీ రెండు లక్షలు, ఆరోగ్య బీమా 25,000, వృత్తి పన్ను 2,400, ఇవన్నీ తీసేసినా 9,47,600 మిగిలి పన్ను 1,06,100 అవుతుంది. ఇంటి అప్పు ఉన్నవారికి పాత విధానమే మేలని నాకు ముగ్గురు చెప్పారు. నాకు పాత విధానం లాభించాలంటే మినహాయింపులన్నీ కలిపి 5,62,500 దాటాలి. హైదరాబాదులో పెద్ద అద్దె కడుతున్నవారికి అది సాధ్యం కావచ్చు, మండల కేంద్రంలో సొంతింట్లో ఉండే నాకు సాధ్యం కాదు. 2023-24 నుంచి మనం ఏమీ చెప్పకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది. జీతగాళ్లు ఏటా మార్చుకోవచ్చు గానీ, పాతది కావాలంటే రిటర్నును గడువు లోపలే వేయాలి. పన్ను తగ్గుతుందన్న ఒక్క కారణంతో అక్కరలేని బీమా పాలసీలు కొనే అలవాటు మా ఉద్యోగుల్లో చాలాకాలంగా ఉంది. పదిహేనేళ్లు ప్రీమియం కడుతూ, ఆ పాలసీవల్ల ఎంత పన్ను మిగిలిందో ఒక్కసారి కూడా లెక్క చూసుకోనివారు నాకు ఎందరో తెలుసు.

ఈ లెక్క తెలియనితనాన్ని సొమ్ము చేసుకునేవారూ ఉన్నారు. నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయురాలి వద్దకు ఒక ఏజెంటు వచ్చి, కోసిన పన్నులో ఎక్కువ భాగం తిరిగి తెప్పిస్తానని, వచ్చిన దాంట్లో పదో వంతు తనకిస్తే చాలని చెప్పాడు. ఆమె ఓటీపీ చెప్పారు, డబ్బు వచ్చింది. తరువాతి ఏడాది నోటీసు వచ్చాకగాని, తన రిటర్నులో లేని ఇంటి అప్పు, ఇవ్వని విరాళాలు, తన ఇంట్లో లేని వికలాంగుల పోషణ ఖర్చు ఉన్నాయని ఆమెకు తెలియలేదు. ఏజెంటు ఫోను అప్పటికే పనిచేయడం లేదు. తప్పుడు వివరాలు చూపి పన్ను ఎగవేస్తే, ఆ పన్నుకు రెండింతల వరకు జరిమానా వేసే వీలు చట్టంలో ఉంది. 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ ఇట్లాంటి తప్పుడు మినహాయింపుల మీద దేశవ్యాప్తంగా తనిఖీలు జరిపింది. ఆమె మోసగత్తె కాదు. తనకు ఎంత పన్ను పడుతుందో తెలియదు గనుక, ఎంత తిరిగి రావడం అసాధ్యమో కూడా ఆమెకు తెలియలేదు.

కొందరు మిత్రులు నాతో ఇంకో వైపు నుంచి వాదిస్తారు. పన్ను కట్టే మాకు ప్రభుత్వం ఏమిచ్చిందని, దాని లెక్క మేమెందుకు నేర్చుకోవాలని అడుగుతారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ లెక్క నేర్చుకున్నవారికే ఆ ప్రశ్నను పదునుగా అడిగే శక్తి వస్తుందని నా నమ్మకం. ఉదాహరణకు, కేంద్ర, రాష్ట్రాల మధ్య పన్నుల పంపకాన్ని సూచించే ఆర్థిక సంఘాల్లో పదిహేనో దాని సిఫారసు ప్రకారం, 2025-26 వరకు కేంద్ర పన్నుల్లో పంచుకోదగిన మొత్తంలోంచి 41 శాతం రాష్ట్రాలకు వెళ్లింది. మన పన్ను మీద పడే నాలుగు శాతం సెస్సు మాత్రం ఆ పంపకంలోకి రాదు. నేను కట్టే 78,000లో ఏ 3,000 రూపాయల్లో నా రాష్ట్రానికి హక్కు వాటా లేదో నా కాగితం మీద కనిపిస్తోంది. దాని మీద వాదించదలచినవారికి అంకె చేతిలో ఉండడం మేలు కదా.

మా పదో తరగతి పిల్లలకు శ్రేఢులు చెబుతాం, వృత్తానికి స్పర్శరేఖలు చెబుతాం, కింది తరగతుల్లో చక్రవడ్డీ చెబుతాం. శ్లాబు లెక్కను ఒక్క పాఠంలో చెప్పవచ్చు. కూడిక, తీసివేత, శాతం తప్ప అందులో కొత్త గణితం లేదు. రెండేళ్లుగా వార్షిక పరీక్షల ముందు నేను ఒక పీరియడ్ దీనికి ఇస్తున్నాను. ఒక ఊహా జీతం ఇచ్చి పన్ను కట్టమంటాను, తరువాత అదే జీతానికి వెయ్యి రూపాయలు కలిపి మళ్లీ కట్టమంటాను. మొదటిసారి సగం మంది మొత్తం మీద పై రేటు వేస్తారు. మడి బొమ్మ గీసి చూపాక ఒకరిద్దరు తప్ప అందరూ సరిగా వేస్తారు. ఇది పాఠ్యపుస్తకంలోనే ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో 2025 నాటి ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వచ్చింది. ఇన్నాళ్లూ జనాన్ని తికమక పెట్టిన 'గత సంవత్సరం', 'మదింపు సంవత్సరం' అన్న జంట పేర్లు పోయి 'పన్ను సంవత్సరం' అన్న ఒకే మాట వచ్చింది. సెక్షన్ల సంఖ్యలన్నీ మారాయి గనుక నేను ఈ వ్యాసంలో వాటి జోలికి పోలేదు. మాటలు తేలికవుతున్న ఈ సమయంలోనే లెక్కను తెలుగులో బడికి తేవడం మంచిదని నా అభిప్రాయం.

మా సాంఘికశాస్త్రం సారు సంగతి మిగిలింది. మరునాడు ఉదయం ప్రార్థన కాకముందే ఆయన్ని కలిసి, నేను చెప్పింది తప్పని ఒప్పుకొని, 74,880 అంకె చూపించాను. ఆయన ముఖం చూసి వెంటనే రెండో కాగితం తీశాను. పాత సంవత్సరాలకు చెందిన బకాయి ఒకేసారి రావడంవల్ల పన్ను ఎక్కువ పడితే, ఆ బకాయి ఏ ఏడాదికి చెందిందో ఆ ఏడాదే వచ్చి ఉంటే ఎంత పన్ను పడేదో లెక్క చూసి, తేడాను తగ్గించే ఉపశమనం చట్టంలో ఉంది. ఆయన బకాయిలో సగం 2023-24కు, సగం 2024-25కు చెందినది. ఆ రెండేళ్లూ ఆయన పాత విధానంలో 20 శాతం శ్లాబులో ఉన్నారు. 45,000 మీద 20 శాతం, సెస్సు కలిపి ఏడాదికి 9,360, రెండేళ్లకు 18,720. ఇప్పుడు పడిన 74,880లోంచి అది పోగా 56,160 రూపాయలు ఉపశమనం. దీనికి 10ఈ ఫారాన్ని రిటర్నుకు ముందే వెబ్‌సైటులో దాఖలు చేయాలి, లేకపోతే రిటర్నులో చూపిన ఉపశమనాన్ని శాఖ ఒప్పుకోదు. ఈ ఫారం వేయకుండా వదిలేసినవారు మా మండలంలోనే పదిమంది దాకా ఉంటారని ఆయనే అన్నారు.

నా కాగితం తీసుకెళ్లమంటే ఆయన వద్దన్నారు. ఆ శనివారం మధ్యాహ్నం బడి వదిలాక కూర్చొని, జీతం, కోసిన పన్ను వివరాలుండే పాత రెండేళ్ల ఫారం 16లు ముందు పెట్టుకొని, మొదటి నుంచి చివరి వరకు తన చేత్తోనే వేసుకున్నారు. సెస్సు దగ్గర ఒకసారి తప్పి, కొట్టేసి మళ్లీ వేశారు. 18,720 వచ్చింది. సోమవారం ఆ కాగితాన్ని జీతం బిల్లు చేసే మా ప్రధానోపాధ్యాయుడి వద్దకు ఆయనే తీసుకెళ్లారు.